ముప్పై రెండు తీగలు

పోలమ్మపేట,
జూలై 6.

దుర్గారావు బావకి,

సూరి రాయునది. మీ పాత ఓడ మెయిల్‌కి ఫోటోలు మోసే ఓపిక లేదన్నావు. అందుకని మనిద్దరం కంచరపాలెం గదిలో ఉన్నప్పుడు ఇంటికి రాసినట్టే అక్షరాలతో సరిపెడుతున్నాను. మీ అమ్మ కులాసాగా ఉంది. ఆవిడ పుణ్యమా అని నాకు రోజూ చేపల పులుసు. బొబ్బిలి వంకాయ తిని పెరిగిన నన్ను, యారాడ కొండ అవతలి మీ పేట పూర్తిగా చెడగొట్టేసింది.

అసలు కబురు. మన బడికి ముప్పై రెండు కంప్యూటర్లు వచ్చాయి. రెండు తరగతి గదులు, గదికి పదహారు. లెక్కల మాస్టార్ని కాబట్టి ఆ బరువు కూడా నా నెత్తినే పెట్టారు. వాటిని కలపడానికి వైర్‌లెస్ పెట్టె కావాలా, తీగలూ, వాటన్నిటినీ ఒకచోట కలిపే స్విచ్చీ కావాలా, ఏదో ఒకటే ఇస్తాం, ఇరవయ్యో తేదీలోగా చెప్పమని పైవాళ్ళు అన్నారు.

ఇది చిన్న విషయం కాదు బావా. ఎనిమిదో తరగతి స్కాలర్‌షిప్ పరీక్ష ఈ ఏడు కంప్యూటర్ మీద పెడతారట, డిసెంబర్లో. ముప్పై రెండూ రెండు గంటలు తెగకుండా నడుస్తాయని రుజువు చేస్తే మన బడిలోనే పరీక్ష. లేకపోతే పోయినేడులాగే గాజువాక వెళ్ళాలి. పోయినేడు మన పేట ఆడపిల్లలు పదకొండు మంది దరఖాస్తు పెట్టారు. వెళ్ళింది ఇద్దరు. పొద్దున్నే బస్సు అందదు, తండ్రులు వేటలో, తల్లులు రేవులో, తీసుకెళ్ళే దిక్కేదీ? ఈసారి నీ కూతురు సాయిదుర్గ ఎనిమిదో తరగతి. ఈ పరీక్ష రాసే వీలు దానికి ఈ ఒక్కసారే.

నా ఓటు వైర్‌లెస్‌కే. గోడకి పెట్టె బిగిస్తే పని అయిపోయినట్టే. హెడ్‌మిస్ట్రెస్ కుసుమకుమారి గారు గోడల నిండా కొత్తగా బొమ్మలు వేయించారు. ఇప్పుడు తీగల కోసం మేకు కొడితే సరిగ్గా ఏనుగు కంట్లో దిగుతుంది. కానీ బడి కమిటీ పెద్ద మీ అమ్మ. అప్పాయమ్మ గారి మాట ఒకటే: "మా దుర్గ ఏటంటాడో అదే. ఓడ కరెంటంతా ఆడే సూత్తాడు, ఆడికి తెల్దేటి?"

కాబట్టి వైర్‌లెస్ మంచిదని ఒక్క ముక్క రాసి పడెయ్యి.

నీ
అప్పలసూరి


ఓడ మీద, కొలంబో దాటాక,
జూలై 13.

సూరి బావకి,

పెళ్ళికి ముహూర్తం పెట్టేసి, పిల్ల నచ్చిందా అని అడిగినట్టుంది నీ ఉత్తరం. నాకు నచ్చలేదు.

నడిచేవాడికి వైర్‌లెస్ మంచిదే. ఫోను పట్టుకుని తిరిగేవాడికి అంతకన్నా హాయి లేదు. కానీ కూర్చున్నవాడికి తీగే కావాలి. నీ కంప్యూటర్లు బల్లల మీద కూర్చుని ఉంటాయి, ఎక్కడికీ పోవు. రేవులో చేపల వేలం చూశావు కదా. వేలం వేసేవాడు ఒక్కడు, అరిచేవాళ్ళు ముప్పై రెండు మంది. ఒక్కొక్కడి మాట వినేసరికి చేప మెత్తబడిపోతుంది. నీకిచ్చే పెట్టె కూడా అంతే, ఒకేసారి అందరి మాటా వినలేదు. పెద్ద పెద్ద కాలేజీల్లో ఖరీదైన సామానుతో, తెలిసినవాళ్ళు కూర్చుని లెక్కకట్టి పెడితే నడుస్తుంది, కాదనను. నీకు అలాంటిది ఇవ్వడం లేదు, ఒక్క మామూలు పెట్టె ఇస్తున్నారు.

మా ఓడలో పాటలు వినడానికి వైర్‌లెస్ ఉంది. ఇనుప తలుపు వేస్తే పాట ఆగిపోతుంది, ఎవడూ చావడు. ఇంజిన్ గదిలో మాత్రం అంతా తీగే. ఆగితే కొంప మునిగే చోట మేం గాలిని నమ్మం.

పరీక్ష రాసేటప్పుడు పిల్లకి మధ్యలో తెగకూడదు. అది నా కూతురని కాదు. సరే, నా కూతురనే.

ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించు.

దుర్గారావు


పోలమ్మపేట,
ఆగస్టు 3.

బావా,

కమిటీలో నీ ఉత్తరం చదివాను. అందరూ సరేనన్నారు. వైర్‌లెస్ పెట్టేశాం! ఒక్క మధ్యాహ్నంలో పని పూర్తయింది. నీలం దీపం మిణుకుమిణుకుమంటోంది, ఏనుగు కన్ను భద్రంగా ఉంది. కుసుమకుమారి గారు స్వీట్లు పంచారు. నువ్వు అనవసరంగా భయపడ్డావు.

ఇక్కడ వర్షాలు. అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

సూరి


ఓడ మీద, మలక్కా దగ్గర,
ఆగస్టు 21.

బావా,

సంతోషం. ముప్పై రెండూ ఒకేసారి పెట్టి చూశావా?

ఇక్కడ మూడు రోజులుగా సముద్రం కుదురుగా లేదు. గిన్నెలో చారు గిన్నెలో ఉండడం లేదు. పని ఎక్కువ.

రాయడానికి ఇంకేమైనా ఉంటే రాయి. ఏమైనా సరే.

దుర్గారావు


పోలమ్మపేట,
సెప్టెంబర్ 5.

బావా,

ఇవాళ టీచర్స్ డే. పిల్లలు నాకు పువ్వులిచ్చారు. తీసుకోవడానికి చెయ్యి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

ఆగస్టు పన్నెండున పరీక్షల అధికారి మహేశ్వరి గారు తనిఖీకి వచ్చారు. మొదట పది కంప్యూటర్లు పెట్టారు. పరుగో పరుగు. ఇరవై పెట్టారు, నత్తనడక. ఇరవై ఏడోది పెట్టేసరికి అన్నిటి మీదా చక్రం గిర్రున తిరగడం మొదలైంది. పిల్లలు రాసిన జవాబులు రాసినట్టే మాయమైపోయాయి. పక్క గదిలో చివరి అయిదింటికైతే గోడ అడ్డమొచ్చి అసలు అందనే లేదు. ఇంకెవరిదో పెట్టె అడిగి తెచ్చి రెండోది పెడితే, రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకున్నాయి. ఆవిడ మంచి మనిషి. గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. "నవంబర్లో ఇంకోసారి వస్తాను మాస్టారూ. అప్పటికీ ఇంతే అయితే గాజువాకే" అన్నారు.

ఆవిడ వెళ్ళాక నీ కూతురు లేచి నిలబడింది. "గాజువాకైతే నానెల్లను సార్. నాయనమ్మ పంపదు. అక్కడ మనకెవులు తెలుసంటాది" అంది. దాని వెనకాల ఇంకో తొమ్మిది మంది ఆడపిల్లలు తలదించుకుని కూర్చున్నారు. నేను ఎటు చూడాలో తెలియక ఏనుగు బొమ్మ వైపు చూశాను.

ఇంకో సంగతి. కమిటీలో నీ ఉత్తరం చదివానన్నాను కదా. "నడిచేవాడికి వైర్‌లెస్ మంచిదే" అన్న ముక్క ఒక్కటే చదివి, అచ్చు తీసిన కాగితం మడిచి జేబులో పెట్టాను. మన బడి పట్నం బడిలా ఉంటుందని అందరి ముందూ గొప్పలు పోయాను, వెనక్కి తగ్గడానికి మనసొప్పలేదు. ఆ గొప్పకి మూల్యం పిల్లలు చెల్లిస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను బావా. తిట్టు.

సూరి


ఓడ మీద, సింగపూర్ రేవు,
సెప్టెంబర్ 12.

సూరి బావా,

తిట్టడానికేం, ఆగస్టు పదమూడునే తిట్టేశాను, నీకు వినపడలేదంతే. తనిఖీ జరిగిన మర్నాడే సాయిదుర్గ బడి కంప్యూటర్లోంచి నాకు అన్నీ రాసింది. బడి వదిలాక అది ఒక్కతే కూర్చుని రాస్తుందట, ఆ ఒక్కదానికీ మీ వైర్‌లెస్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది!

నువ్వు ఒక్క ముక్కే చదివావని కూడా నాకు తెలుసు. మడిచిన కాగితంలో మిగతాదేముందని అది నన్నే అడిగింది. నీ అంతట నువ్వు చెబుతావని మూడు వారాలు ఆగాను. చెప్పకపోయి ఉంటే మాత్రం నీతో మాట మానేసేవాణ్ణి, అది నిజం. చెప్పావు కాబట్టి ఇక దాని ఊసు వద్దు.

పని చూడు. మహేశ్వరి గారిని బతిమాలి ఆ పెట్టె వెనక్కిచ్చి తీగలూ స్విచ్చీ తెచ్చుకో. తీగలు లాగడానికి మనుషుల్ని ఇవ్వలేం అంటారు. వద్దు. తాళ్ళు లాగడం రాని మనిషి మన పేటలో ఎవరున్నారు? మా అమ్మని అడుగు.

కరెంటు తీగ పక్కన మాత్రం వీటిని పోనివ్వకు. ప్రతి తీగకీ రెండు కొనలా ఒకే గుర్తు పెట్టు. కొనకి ప్లగ్గు బిగించే పటకారు ఒకటి సంపాదించు. లోపలి ఎనిమిది పోగుల రంగుల వరస సాయిదుర్గకి రాసి పంపిస్తున్నాను. నీకు కాదు, దానికి.

దుర్గారావు


పోలమ్మపేట,
అక్టోబర్ 11.

బావా,

గెలిచాం అని రాద్దామని కూర్చున్నాను. సగమే గెలిచాం.

పెట్టె వెనక్కి తీసుకున్నారు. తీగల చుట్టలు వచ్చాయి. రెండు ఆదివారాలు మీ అమ్మ, కాశమ్మ, తవిటమ్మ, ఇంకో పన్నెండు మంది ఆడవాళ్ళు రేవు పని చూసుకుని నేరుగా బడికొచ్చారు. చీరలు ఎగదోపి నిచ్చెనలెక్కారు. ఎన్నేళ్ళు చదువు చెప్పినా నా మాట అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

"ఇదేటి మాస్టారూ, ఇంత సన్నంగుంది? గాలొస్తే ఉంటాదా?" అంది తవిటమ్మ.

"ఉండేలాగ కట్టడమే మన పని. మనం కట్టింది ఎప్పుడైనా ఊడిందేటే?" అంది మీ అమ్మ.

గుర్తుల సంగతి చెబితే కాశమ్మ నవ్వింది. సముద్రంలో ఎవరి వల ఏదో తెలియడానికి ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో రంగు గుడ్డ కడతారు కదా, అవే తెచ్చి తీగల కొనలకి కట్టారు. ముప్పై రెండు తీగలకీ ఇప్పుడు ఇంటిపేర్లున్నాయి. పని చూస్తే కళ్ళు తిరిగాయి బావా. మేకు మేకుకీ ఆ తీగనే చుట్టి, పడవని రాటకి కట్టే ముడి వేసి బిగించారు. తుఫాను వచ్చినా కదలదు. మేకులు మాత్రం ఏనుగుని తప్పించి కొట్టారు. కుసుమకుమారి గారు ప్రతి మేకు దగ్గరా నిలబడ్డారు మరి.

అన్నీ పెట్టి చూస్తే ఇరవై ఒకటి నడిచాయి. పదకొండు నడవడం లేదు. ప్లగ్గులు తీసి మళ్ళీ బిగించాం. రంగుల వరస సాయిదుర్గ నాలుగుసార్లు చూసింది, తప్పు లేదు. పైకి ఒక్క తీగకీ గీత కూడా పడలేదు. ఎందుకు నడవడం లేదో నాకు అంతుచిక్కడం లేదు. తనిఖీ నవంబర్ పద్నాలుగున. ఆడవాళ్ళు వచ్చి అడుగుతున్నారు, నీకు రాశానని చెబుతున్నాను.

సూరి


ఓడ మీద,
అక్టోబర్ 16.

బావా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, తర్వాత తల పట్టుకున్నాను. తప్పు ప్లగ్గులో లేదు. ముడిలో ఉంది.

ఆ తీగ తాడు కాదు. లోపల ఎనిమిది సన్నటి రాగి పోగులు, రెండేసి మెలిపెట్టి ఉంటాయి. మేకుకి చుట్టి బిగిస్తే పై తొడుగు చెక్కుచెదరదు, లోపల రాగి పుటుక్కున తెగుతుంది. మా అమ్మ బలం నీకు తెలియదు. తుఫాను గాలిలో పడవని ఆపే ముడి అది. దాని కింద రాగి పోగు ఎంత?

విప్పండి. అన్నీ విప్పండి, నడుస్తున్నవి కూడా. ఇవాళ నడిచేది రేపు ఆగుతుంది. చెడిపోయిన పదకొండింటికి చుట్టలో మిగిలిన కొత్త తీగ వెయ్యండి. మేకుకి పాత వల పేలికతో వదులుగా ఉచ్చు కట్టి, అందులోంచి తీగని పోనివ్వండి. చిటికెన వేలు దూరాలి. మూల తిరిగేచోట మడత పడకుండా గుండ్రంగా తిప్పాలి.

ఇప్పుడు కష్టమైన పని. ఈ సంగతి మా అమ్మకి చెప్పాలి. ఆవిడ ముడి తప్పని ఇంతవరకూ ఎవరూ అనలేదు. మా నాన్న కూడా అనలేదు. నేనైతే ఓడ మీద ఉన్నాను కాబట్టి ధైర్యం వచ్చింది. నువ్వు ఎదురుగా ఉన్నావు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

దుర్గారావు


పోలమ్మపేట,
నవంబర్ 15.

బావా! బావా!

నెగ్గాం. ముందు ఆ మాట రాసేశాను, ఇక నిదానంగా మిగతాది.

నీ ఉత్తరం బడి అరుగు మీద ఆడవాళ్ళందరి ముందూ చదివాను. మొదటి అక్షరం నుంచి నీ సంతకం దాకా, దేవుడు నన్ను చల్లగా చూడాలన్న మాటతో సహా. మీ అమ్మ లేచి, లోపలికెళ్ళి, చెడిన తీగొకటి కోసి తెచ్చి నా ముందు పడేసింది. "ఇప్పి సూపించండి" అంది. బ్లేడుతో తొడుగు చీల్చాను. ముడి పడ్డచోట రాగి పోగులు రెండు విరిగి ఉన్నాయి. ఆవిడ ఆ విరిగిన కొనల్ని వేలితో తడిమి చూసింది.

"నా ముడి తప్పన్న మగోడు ఈ రేవులో పుట్నేదనుకున్నాను. నా కడుపునే పుట్నాడేటే!" అని ఒక్కసారి పకపకా నవ్వింది. అరుగంతా నవ్వింది. ఆ వెంటనే, "సూత్తారేటే, ఇప్పండి! ఆడు నడిసముద్రంలో కూకోని సూసీసినాడు, మనం దగ్గరుండి సూడనేకపోనాం" అని కొంగు బిగించింది.

మూడు రోజులు పట్టింది. పాత వలలు చింపి ఉచ్చులు కట్టారు. ప్రతి ఉచ్చులోనూ మీ అమ్మ తన చిటికెన వేలు పెట్టి చూసింది. "దూర్నేదు. మల్లీ కట్టు" అని తవిటమ్మ చేత ఆరుసార్లు కట్టించింది. తవిటమ్మ ఏడవడం ఒక్కటే తక్కువ.

నిన్న మహేశ్వరి గారు వచ్చారు. ముప్పై రెండు మంది పిల్లలు, ముప్పై రెండు కంప్యూటర్లు, రెండు గంటలు. ఏదైనా ఆగితే రెండు నిమిషాల్లో సరిచేయాలి, లేకపోతే లేదు అన్నారు. గంటా ఇరవై నిమిషాల దాకా ఏ చింతా లేదు. అప్పుడు తొమ్మిదోది ఆగింది. నీ కూతురు బల్ల కిందికి వంగి కొనకున్న గుడ్డ చూసి, "పసుప్పచ్చ మీద నల్ల సార. కాశమ్మ తీగండి!" అంటూ స్విచ్చి దగ్గరికి పరిగెత్తింది. ముప్పై రెండు కొనల్లో అదే రంగు పట్టుకుని, వదులైన ప్లగ్గుని టక్కున నొక్కింది. మహేశ్వరి గారు గడియారం చూశారు. నలభై సెకన్లు.

రెండు గంటలూ పూర్తయ్యాక ఆవిడ కాగితం మీద సంతకం చేసి, "చాలా బళ్ళు చూశాను మాస్టారూ, ఇంటిపేర్లున్న తీగల్ని ఇక్కడే చూశాను" అన్నారు. పరీక్ష మన బడిలోనే. నేను పిల్లలతో కలిసి గంతులేశాను. నలభై రెండేళ్ళ వయసులో నడుం పట్టేసింది, పట్టనీ.

సూరి


పోలమ్మపేట,
డిసెంబర్ 14.

బావా,

ఇవాళే పరీక్ష. పేట పిల్లలు పంతొమ్మిది మంది రాశారు, అందులో ఆడపిల్లలు పద్నాలుగు మంది. దరఖాస్తు పెట్టినవాళ్ళలో ఒక్కరు కూడా మానలేదు. ఇంకో తమాషా విను. గాజువాకలో చోటు నిండిపోయిందని పదమూడు మందిని మన దగ్గరికే పంపారు. కొండ దిగి ఆటోల్లో వచ్చారు, తల్లుల్ని వెంటబెట్టుకుని.

పిల్లలు లోపల రాస్తుంటే ఆ తల్లులు ఎండలో నిలబడి ఉన్నారు. మీ అమ్మ చూడలేక మా ఇంటికి రండర్రా అని అందర్నీ తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. టీలు, వేయించిన చేపలు, ఊళ్ళో కబుర్లు. పరీక్ష అయ్యేసరికి ఒకావిడ మీ అమ్మని పిన్నీ అంటోంది.

ఒక్క కంప్యూటర్ కూడా ఆగలేదు. సాయిదుర్గ బయటికొచ్చి, "ఆకరి లెక్క మాత్రం తేలిగ్గా ఇచ్చీసినారు సార్" అంది, అదేదో తనకి అన్యాయం జరిగినట్టు.

సూరి


పోలమ్మపేట,
జనవరి 22.

బావా,

కూర్చుని చదువు. ఫలితాలు వచ్చాయి. మన బడి నుంచి ఏడుగురు ఎంపికయ్యారు. అయిదుగురు ఆడపిల్లలు. కాశమ్మ మనవరాలు ఉంది. తవిటమ్మ చిన్నకూతురు ఉంది. సాయిదుర్గ మండలంలో రెండోది.

ఇవాళ సర్టిఫికెట్లు చూపించడానికి పిల్లలు గాజువాక వెళ్ళాలి. నిన్నంతా నాకు అదే బెంగ. మీ అమ్మని ఎలా ఒప్పించాలా అని మాటలు కూడా కూర్చుకున్నాను. పొద్దున్న వెళ్ళేసరికి వీధిలో రెండు ఆటోలు. ఏడుగురు పిల్లలూ తలకి నూనె రాసుకుని తయారుగా ఉన్నారు. మీ అమ్మ ముందు ఆటోలో, పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో ఎండుచేపల సంచీతో కూర్చుని ఉంది.

"మీరూ వస్తున్నారా?" అన్నాను.

"నాను రావడమేటి మాస్టారూ, నానే అట్టుకెల్తన్నాను. ఆ గాజువాకోల్ల పిల్లలు మన కాడికొచ్చి రాయనేదేటి? మన గుంటలు ఆల కాడికెల్లనేరేటి? బేగి ఎక్కండి, ఆలస్యమైపోతంది" అంది.

నేను రెండో ఆటో ఎక్కాను.

సూరి


ఓడ మీద, ఇంజిన్ గది,
జనవరి 25.

సూరి బావా,

మూడుసార్లు చదివాను. నాలుగోసారి మెస్సులో అందరి ముందూ పైకి చదివాను. తెలుగు రానివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

నేను పదో తరగతిలో ఉండగా పట్నంలో పరీక్షొకటి రాయాల్సి ఉంది. తీసుకెళ్ళేవాళ్ళు లేక వెళ్ళలేదు. కంచరపాలెం గదిలో అన్నేళ్ళు కలిసున్నా నీకు చెప్పలేదు. అమ్మకి నేనేమీ గుర్తు చేయలేదు, ఆవిడా ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు ఆవిడ ఏడుగురిని ఎక్కించుకుని వెళ్ళిందంటే ఎందుకో నాకు తెలుసు.

చదువుతూ ఏడ్చాను. ఇంజిన్ మోతలో ఎవరికీ వినపడలేదు. నా కూతురు గెలిచింది బావా. మా అమ్మ కూడా గెలిచింది.

దుర్గారావు